వీసా రొట్టె, శ్రీలంక రూపాయి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని ఒక గ్రంథాలయంలో ఒక ఆక్వా టెక్నీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

పెద్దలకు నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? సరే.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి "విదేశాల్లో పనిచేసి వచ్చారు గదా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అంటే నాకు నవ్వొచ్చింది. మన మండలంలో అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు, కువైట్‌లో ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళున్నారు. నేను పోయింది శ్రీలంకకి. చెన్నైలో విమానం ఎక్కితే కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపు దిగమంటారు. మా జేజి అయితే చివరిదాకా దాన్ని విదేశమని ఒప్పుకోలేదు. "రాములోరు నడిచిపోయిన ఊరికి పాస్‌పోర్టేందిరా" అనేది.

అయినా నేను పోయింది వీసా రొట్టె పట్టుకునే. 2018 సెప్టెంబరులో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి ఒకాయన చేతినుంచి తీసుకున్నా. మీకందరికీ తెలిసిందే, రికార్డు చేస్తున్నారని చెప్తున్నా. రొట్టెల పండగలో కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. నాకిచ్చినాయన మస్కట్ నుంచి వచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే నాకు ఉద్యోగం వచ్చింది. మస్కట్‌లో కాదు, చిలాలో.

చిలా అంటే కొలంబోకి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక ఊరు. తమిళంలో సిలాపం, సింహళంలో హలావత అంటారు. మున్నేశ్వరం శివాలయం అక్కడే ఉంది. అక్కడి నుంచి పైకి పుత్తళం దాకా రొయ్యల గుంటలే. మన మైపాడు, కోడూరు వైపు ఎలా ఉంటుందో అచ్చం అట్లనే. అదే ఉప్పుగాలి, అవే కొబ్బరి చెట్లు, రాత్రంతా గుంట నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు. తొంభైల్లో రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి మన రైతులు మునిగినప్పుడే వాళ్ళూ మునిగారు. నెల్లూరు నుంచి వచ్చిన టెక్నీషియన్ అంటే అక్కడ కాస్త విలువ.

జీతం నెలకు 2 లక్షలు. శ్రీలంక రూపాయలు. మన లెక్కలో అప్పట్లో 78 వేల దాకా వచ్చేది. మా ఆవిడ చుట్టాలకు మాత్రం 2 లక్షలనే చెప్పింది. దేశం పేరు చెప్పేది, నోటు పేరు చెప్పేది కాదు. ఈ నోటు సంగతి గుర్తుపెట్టుకోండి, నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నేను చేరిన నాలుగో నెలలో, 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేలాయి. మాకూ కొలంబోకీ మధ్యలో ఉండే నెగొంబోలో ఒక చర్చిలోనే వందమందికి పైగా పోయారు. మా ఫారంలో పనిచేసే కుర్రాళ్ళు సగం మంది ఆ వైపు క్యాథలిక్ కుటుంబాలవాళ్ళే. నేనేం చేశానో చెప్పనా? మూడో రోజుకు నెల్లూరులో ఉన్నా. నెల తర్వాత గొడవలు సద్దుమణిగాక తిరిగిపోయా. అప్పుడు అది తప్పనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు, పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. కాని ఆ నెల రోజుల లెక్క ఒకడు రాసిపెట్టుకున్నాడని మూడేళ్ళ తర్వాత తెలిసింది.

ఆ నవంబరులో గోటబయ రాజపక్స 69 లక్షల ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచాడు. రాగానే పన్నులు తగ్గించారు. వ్యాట్ 15 శాతం నుంచి 8 శాతానికి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టా. తర్వాత కరోనా, టూరిస్టులు లేరు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు, రాత్రికి రాత్రి దేశమంతా సేంద్రియమన్నారు. మన పెన్నా ఆయకట్టులో నాట్లేసే ముందు "ఈ ఏడు యూరియా లేదు" అంటే ఏమవుతుందో మీకు తెలుసు. చైనా నుంచి సేంద్రియ ఎరువు ఓడలో వస్తే, అందులో చెడ్డ బ్యాక్టీరియా ఉందని దించుకోలేదు. ఆఖరికి దించుకోని ఎరువుకు 67 లక్షల డాలర్లు కట్టారు. నవంబరులో నిషేధం ఎత్తేశారు గాని పంట అప్పటికే దెబ్బతినింది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. తిరిగొచ్చినప్పటినుంచి ప్రతి టీ అంగట్లో నన్నడిగేది ఒకటే. "అబ్బయ్యా, మనమూ శ్రీలంక అయిపోతామంట గదా?" పార్టీని బట్టి కొందరు అవుతామనాలని అడుగుతారు, కొందరు అవ్వమనాలని అడుగుతారు. నేను చెప్పేది రొయ్యల లెక్క. మేత డీలరు దగ్గర అప్పుమీద మేత తెచ్చుకుంటాం, పట్టిన రొయ్య ఆయనకే ఇస్తామని ఒప్పందం. పంట పోయింది. ఇంట్లో వడ్లున్నాయి, కొట్టాంలో గేదెలున్నాయి, అయినా డీలరు వడ్లు తీసుకోడు. ఆయనకు కావాల్సింది రొయ్యే. శ్రీలంకకు 5 వేల కోట్ల డాలర్లకు పైగా బయటి అప్పు. తీర్చాల్సింది డాలర్లలో. వాళ్ళ దగ్గర రూపాయలున్నాయి, కావాలంటే అచ్చు కూడా కొట్టుకోగలరు, కొట్టారు కూడా. డాలరు ఎక్కణ్ణించి అచ్చు కొడతారు? మన రాష్ట్రం అప్పులు మంచివా చెడ్డవా అనేది వేరే గొడవ, అది రూపాయల్లో గొడవ. రెంటినీ కలిపి కొట్టుకోవద్దండీ.

సరే, 2022 మార్చి. నెల మొదట్లో డాలరు రేటు 203 శ్రీలంక రూపాయల దగ్గర కట్టేసి ఉండింది. తాడు విప్పారు. మే నాటికి 360. నా 2 లక్షలు 2 లక్షలే, ఒక్క రూపాయి తగ్గలేదు. మన నోట్లలోకి మారిస్తే 74 వేలు కాస్తా 43 వేలు అయింది. అదీ మార్చగలిగితే. ఒక బ్యాంకులో మేనేజరు నా ఫారం చూసి, "మహత్తయా, ఓడలో మందులొచ్చి ఆగి ఉంటే వాటికే డాలర్లు లేవు, మీ ఇంటికి ఎక్కడ పంపను?" అన్నాడు. మహత్తయా అంటే మన అయ్యా, సారూ లాంటిది. ఏమనాలి? ఉండియల్ అని మన హవాలా లాంటిది, బ్యాంకుతో పనిలేకుండా దొంగదారిన డబ్బు పంపేది ఉండేది, నాకు ధైర్యం చాల్లేదు.

పాలపొడి 400 గ్రాముల ప్యాకెట్టు 790 రూపాయలు. కాగితం లేక పిల్లల పరీక్షలు ఆపారు. గ్యాస్ కోసం బండలు వరసగా గొలుసుతో కట్టి మనుషులు ఇళ్ళకు పోయేవాళ్ళు. క్యూని వాళ్ళు 'పోలిమ' అంటారు, ఆ ఏడు నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. మాకు వండిపెట్టే తమిళ అక్క గ్యాస్ పొయ్యి మూలకు నెట్టి, మూడు ఇటుకలు పెట్టి కట్టెలు రాజేసింది. "అన్నం రుచి పెరిగిందక్కా" అంటే చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఆ మార్చి నెలాఖరులో కరెంటు కోత రోజుకు 13 గంటలైంది. రొయ్యల రైతుకు కోతంటే ఏమిటో ఈ హాల్లో చెప్పక్కర్లేదు, అయినా పట్నంలో చదువుకునే పిల్లలున్నారు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఏరియేటర్ తిరక్కపోతే రొయ్య గుక్క తిప్పుకోలేక పైకి తేలుతుంది. మా జనరేటరు గంటకు పది లీటర్లు తాగేది, అంటే 13 గంటలకు 130 లీటర్లు. బంకుల దగ్గర సైనికులను పెట్టారు, క్యాన్లలో పొయ్యొద్దని ఆర్డరు. జనరేటర్ని బంకుదాకా నడిపించుకుపోలేం గదా! ఆఫీసులచుట్టూ తిరిగి లెటర్ తెచ్చా. లెటర్ వచ్చింది, డీజిల్ రాలేదు.

ఆ రాత్రి రెండున్నరకు ట్యాంకు ఖాళీ. ఆరు గుంటలు. ఉన్న ఆక్సిజన్ పౌడరంతా చల్లాం. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి గుంటల్లోకి దిగి కొబ్బరి మట్టలతో నీళ్ళు బాదారు. ఎప్పుడో మా నాయన చెప్పేవాడు, ఏరియేటర్లు లేని రోజుల్లో మైపాడు వైపు అలా చేసేవాళ్ళమని. గంటన్నర బాదారు. నాలుగో నంబరు గుంట పోయింది. తొంభై రోజుల పంట, 40 కౌంట్, అంటే కిలోకు నలభై రొయ్యలు. మిగతావి ఆ రెండు రోజుల్లో దొరికిన ధరకు తోలేశాం.

తెల్లారాక గట్టుమీద కూర్చున్నాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. అందరూ వినేటట్టే అన్నా: "69 లక్షల మంది ఓటేశారుగా, అనుభవించండి." ఆ మాట అప్పటికే అక్కడ తిట్టయిపోయింది. వాళ్ళలో వాళ్ళు "నువ్వు 69 లక్షల్లో ఒకడివా" అని దెప్పుకునేవాళ్ళు. వాళ్ళు అనుకుంటున్నారు గదా, నేనూ అనొచ్చనుకున్నా.

మా సూపర్వైజరు, ముప్పై ఏళ్ళుంటాయి, రాత్రంతా గుంటలో ఉన్నవాడు, కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు. గొంతు పెంచలేదు. "నేను వెయ్యలేదు మహత్తయా. మా నాయన వేశాడు. ఎందుకేశాడో చెప్పనా? ఆ ఈస్టర్ రోజు చర్చిలోంచి మనుషులను మోసింది ఆయనే. మళ్ళీ బాంబులు పేలకుండా చూసేవాడు ఎవడైనా సరే అనుకున్నాడు. మీరు అప్పుడు ఊళ్ళో లేరు."

అంతే. లేచి జనరేటరు దగ్గరికి పోయాడు.

మూడో రోజే ఉగాది. శుభకృత్ నామ సంవత్సరం, ఏప్రిల్ 2, శనివారం. డీజిల్ లెటర్ మళ్ళీ రాయించుకోవాలి, పనిలో పని అని రైలెక్కి కొలంబో పోయా. ముందురోజే ఎమర్జెన్సీ పెట్టారు. మన తెలుగాయన ఫ్లాట్‌లో పది పన్నెండు మందిమి చేరాం. మామిడికాయ దొరికింది, వేపపువ్వు దొరికింది, బెల్లానికి కితుల్ బెల్లం వేశారు. ఒకాయన ఫోన్లో పంచాంగం చదువుతూ "శ్రీలంకది ఏ రాశి, ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు" అంటే పడీపడీ నవ్వాం. సాయంత్రం ఆరునుంచి కర్ఫ్యూ అని కబురొచ్చింది. సోమవారం తెల్లవారు ఆరుదాకా కదలడానికి లేదు. ఆదివారం ఫేస్‌బుక్, వాట్సాప్ కూడా ఆపేశారు. ముప్పై ఆరు గంటలు, పన్నెండు మంది తెలుగువాళ్ళు, ఒక మూడు గదుల ఫ్లాట్. అభిప్రాయాలకేం తక్కువ!

ఫ్లాటాయన ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. జీతం డాలర్లలో. బిల్డింగుకు సొంత జనరేటరు. ఆయన అన్నాడు, "నిజం చెప్పాలంటే ఇంత చవగ్గా ఎప్పుడూ బతకలేదు. దేశం సర్దుకుంటుంది, మార్కెట్టే సర్దుతుంది." బట్టల ఫ్యాక్టరీలో చేసే ఇంకొకాయనకు జీతం నాలాగే ఇక్కడి రూపాయల్లో. "ఈ దొంగలను తరిమితే గాని బాగుపడదు" అని బల్ల గుద్దాడు. మూడో ఆయనకు సగం జీతం ఇండియాలో పడుతుంది, సగం ఇక్కడ. ఆయన "రెండువైపులా న్యాయముంది" అన్నాడు. నేను పచ్చడి తింటూ లెక్క చూసుకున్నా. అణా పైసలతో సరిపోయింది. ఎవరి జీతం ఏ నోట్లలో వస్తే వాళ్ళ అభిప్రాయమూ ఆ నోట్లలోనే ఉంది. నాది కూడా. జీతం డాలర్లలో ఉండుంటే గట్టుమీద ఆ మాట అనేవాణ్ణా? బహుశా జాలిపడి ఉండేవాణ్ణి. జాలి కూడా డాలర్లలో చవగ్గానే వస్తుంది.

తర్వాతవి పేపర్లో చదివే ఉంటారు, త్వరగా చెప్తా. ఏప్రిల్ 12న అప్పు కట్టలేమని ప్రకటించారు. గాల్ ఫేస్ మైదానంలో కుర్రాళ్ళు గుడారాలేశారు. మే 9న వాళ్ళమీద దాడి జరిగింది, ప్రధాని మహింద రాజపక్స దిగిపోయాడు, ఆ రాత్రి నాయకుల ఇళ్ళు తగలబడ్డాయి. మా ఫారానికి దగ్గర్లోనూ ఒకటి. ఆ మంట వెలుగు మా గుంట నీళ్ళల్లో కనపడింది.

అప్పుడు భారతీయుడిగా ఉండటం ఎలా ఉండేదంటే, మా వీధిలో ఒక కడే, అంటే అంగడి. మనదేశం నుంచి డీజిల్ ఓడ వచ్చిందని తెలిసిన రోజు ఆయన టీకి డబ్బులు తీసుకోలేదు. మే రెండో వారంలో రాజపక్సలు ఇండియాలో దాక్కున్నారని పుకారు లేచింది, మన హైకమిషన్ కాదని ప్రకటన కూడా ఇచ్చింది. ఆ రోజు అదే ఆయన, అదే టీ, "మీవాళ్ళు దాచారంట గదా" అని చిల్లర బల్లమీద విసిరాడు. నేను డీజిలూ పంపలేదు, ఎవర్నీ దాచనూ లేదు. మూడో రోజుకు మళ్ళీ మామూలే.

జూన్‌లో ఒకరోజు చిలా బస్టాండులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే తెలుగు చెవిన పడింది. కలనుకున్నా. వాళ్ళు అహికుంటకులు. పాములాడించుకుంటూ, సోదె చెప్పుకుంటూ తిరిగే జాతి. తరాల కిందట వెళ్ళినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. యాస సగమే అర్థమైంది. గ్యాస్ కష్టాల గురించి అడిగితే పెద్దామె నవ్వింది. మాకు గ్యాస్ ఎప్పుడుందని. పైగా ఆ ఏడు చెయ్యి చూపించుకునేవాళ్ళు పెరిగారట. అందరూ అడిగేది ఒకటేనట. "నాకు ఫారిన్ గీత ఉందా?" నిజమే, ఆ ఒక్క ఏడే 9 లక్షలకు పైగా పాస్‌పోర్టులిచ్చారు, ఉన్నది 2 కోట్ల 20 లక్షల మంది జనం. నాకు స్వర్ణాల చెరువు గుర్తొచ్చింది. నా చెయ్యి కూడా చూస్తానంది. వద్దన్నా. భయమేసింది, అబద్ధమెందుకు.

జూన్ 26న పెట్రోలు 470 అయింది. ఆర్నెల్ల కిందట 177. ఆ మర్నాటినుంచి అత్యవసర సేవలకు తప్ప అమ్మకాలే ఆపేశారు. జూలై 9న మా సూపర్వైజరు కిక్కిరిసిన రైలెక్కి కొలంబో పోయాడు. సాయంత్రం ఫోటో పంపాడు. జనం చొరబడిన అధ్యక్షుడి భవనంలో ఈతకొలను, గట్టుమీద వీడు, కాళ్ళు నీళ్ళలో. కింద రాశాడు: "మహత్తయా, ఇక్కడ ఏరియేటర్ లేదు." 13న గోటబయ మాల్దీవులకు, అక్కణ్ణించి సింగపూరుకు పోయాడు.

నేను ఆ నెలాఖరులో వచ్చేశా. మూడు నెలల జీతం బాకీ, రెండు నెలలది ఇచ్చారు. యజమానిని తప్పుపట్టను, ఆయన గుంటలే ఎండిపోయాయి. టిక్కెట్టు డబ్బులు మా మామగారు వేశారు. ఇంటికి డబ్బు పంపాల్సినవాడు ఇంటినుంచి తెప్పించుకుని వచ్చాడన్నమాట. మా ఆవిడ చుట్టాలకు ఏం చెప్పిందో అడగలేదు.

ఆ సూపర్వైజరు ఇప్పుడు దక్షిణ కొరియాలో ఉన్నాడు, ఫ్యాక్టరీ పని. నెలకోసారి మాట్లాడుకుంటాం, ఇంగ్లీషు సగం, తమిళం సగం. 2024 డిసెంబరు 3 రాత్రి అక్కడ అధ్యక్షుడు మార్షల్ లా ప్రకటించాడని టీవీలో చూసి కంగారుగా చేశా. "ఎలా ఉన్నావు మల్లీ, వీధుల్లో ఏం జరుగుతోంది?" అన్నా. మల్లి అంటే వాళ్ళ భాషలో తమ్ముడు. వాడు డ్యూటీలో ఉన్నాడు, వెనక మిషన్ల చప్పుడు. "తెలియదు మహత్తయా. వాన్ ఎంత పడిందో చూస్తున్నా." వాన్ వాళ్ళ నోటు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే నవ్వాడు. తెల్లారేసరికి మార్షల్ లా ఎత్తేశారు, వాడు నిద్రపోయి ఉంటాడు.

ఆఁ, రొట్టె సంగతి మర్చిపోయా. కోరిక తీరినవాడు మళ్ళీ రొట్టె ఇవ్వాలి గదా. నేను అన్నేళ్ళు అక్కడే ఉండిపోయా, మధ్యలో కరోనా, ఇచ్చుకోలేదు. 2022లో పండగ ఆగస్టులో వచ్చింది, నేను దిగిన రెండు వారాలకే. మా అమ్మ బాకీ ఉంచుకోవద్దని ఆరు రొట్టెలు కాల్చి ఇచ్చింది. చెరువులో దిగి "వీసా రొట్టె, వీసా రొట్టె" అని అరుస్తూ నిలబడ్డా. అల్లూరు వైపు కుర్రాడట, డిగ్రీ అయిందట, తడుస్తూ దగ్గరికొచ్చాడు. చెయ్యి చాపి, మళ్ళీ ఆగి, "అన్నా, ఏ దేశం పోయొచ్చావు?" అన్నాడు.

శ్రీలంక అన్నా.

వాడు నా మొహం చూశాడు, రొట్టె చూశాడు. "ఏమనుకోవద్దన్నా" అని పక్కాయన దగ్గరికి పోయి "కువైట్ రొట్టె ఉందా?" అని అడిగాడు.